తవిటయ్య కుట్టిన సంచి

సంచిని నేను. బడికి మోసుకెళ్ళేదాన్ని కాను, బజారుకి తీసుకెళ్ళేదాన్ని అసలే కాను. సైకిలు హ్యాండిలుకి ముందువైపు రెండు పట్టీలతో వేలాడుతూ, తొక్కేవాడికంటే ఒక మూర ముందే రోడ్డుని చూసే జాతి నాది. ఇప్పటికి మూడు వేల కిలోమీటర్ల పైనే చూశాను. వాటిలో ఒక ఎనిమిది కిలోమీటర్లు నేను చూడకుండా ఉంటే బాగుండేది. నన్ను కుట్టిన మనిషికి ఆ ఎనిమిది కిలోమీటర్లలో నా వల్ల అన్యాయం జరిగింది. గుడ్డముక్క ఎవరికేం అన్యాయం చేస్తుందని మీకు అనిపించవచ్చు. విన్నాక మీరే తేల్చండి.

పుట్టింది సాలూరులో. లారీల ఊరది. బాడీలు కట్టేవాళ్ళు, తలుపుల మీద పూలు వేసే పెయింటర్లు, టైర్ల వాళ్ళు, వాళ్ళ మధ్యన మెయిన్‌రోడ్డు పక్క రేకుల షెడ్డులో టార్పాలిన్లు కుట్టే మజ్జి తవిటయ్య. వయసు అరవై దాటింది. లారీ మీద సరుకు తడవకుండా కప్పే టార్పాలిన్ కుట్టడం చొక్కా కుట్టినట్టు కాదు. నేలంతా పరిచి, దానిమీద మోకాళ్ళతో పాకుతూ, అరచేతికి తోలుముక్క కట్టుకుని సూదిని తొయ్యాలి. నలభై ఏళ్ళు అలా పాకి పాకి తవిటయ్య మోకాళ్ళు రెండూ కాయలు కాచిపోయాయి. నేను కూడా అప్పట్లో అలాంటి టార్పాలిన్‌లో ఒక భాగాన్ని. ఆరేళ్ళు ఒక లారీ నెత్తిన తిరిగాను. జీడిపిక్కలు కప్పాను, సిమెంటు కప్పాను, ఘాట్‌రోడ్డు వానల్లో నానాను. నడుమ చిరిగాక మళ్ళీ తవిటయ్య షెడ్డుకే వచ్చి పడ్డాను.

లారీ డ్రైవర్లు ఆయన దగ్గర కూర్చుని తాము తిరిగిన ఊళ్ళ గురించి చెప్పేవారు. ఒకసారి ఒకడు, "నీ టార్పాలిను నేపాల్ బోర్డరు దాకా వెళ్ళొచ్చింది మాస్టారూ" అన్నాడు.

తవిటయ్య సూది ఆపాడు. "బోర్డరంటే ఎలాగుంటాదిరా? నేల మీద గీత గీసుంటారా?"

డ్రైవరు పగలబడి నవ్వాడు. తవిటయ్య మాత్రం నిజంగానే అడిగాడు. తాను కుట్టినవి దేశమంతా తిరిగొస్తున్నాయి, తాను మాత్రం షెడ్డులో మోకాళ్ళ మీదే ఉన్నాడు. అది ఆయనకి కష్టమని నేను చెప్పలేను, ఎందుకంటే ఆయన ఎప్పుడూ కష్టమనలేదు. వింతగా మాత్రం ఉండేది.

ఆ ఊళ్ళో హైస్కూలు డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన కుసుమాంబ మేడం ఉన్నారు. సన్నగా, నిటారుగా, మెడలో ఇప్పటికీ విజిలు. ఆవిడ ఒక సైకిలు బృందాన్ని తయారుచేశారు. ప్రతి ఆదివారం తెల్లవారుతూనే తొక్కుకుంటూ ఏ పాచిపెంట దాకానో వెళ్ళి వచ్చేవారు. ఒక ఏడాది ఆవిడ, "ఈసారి సాలూరు నుంచి లుంబిని. బుద్ధుడు పుట్టిన చోటు. వేరే దేశం. రోజుకి డెబ్భై ఎనభై కిలోమీటర్లు. ఎవరెవరొస్తారు?" అన్నారు. ఆరుగురు చేతులెత్తారు. అందులో ఒక చెయ్యి తవిటయ్యది. ఎవరో నవ్వబోయి, మేడం ముఖం చూసి ఆగారు.

వారం తిరక్కుండా తవిటయ్య ఏడు సంచులు కుట్టి పట్టుకొచ్చాడు. పాత టార్పాలిన్ ముక్కలు, తుక్కుకి వెళ్ళిన లారీల సీటు బెల్టులు, కొత్త జిప్పులు. ఏడింటిలో ఒకదాన్ని నేను. నాకు మాత్రం లోపల ఇంకో చిన్న అర కుట్టాడు. "నువ్వు మందులు పెట్టుకోవాలి గదా నాయినా, తడవకూడదు" అంటూ నన్ను గౌరీశ్వర్రావు చేతికిచ్చాడు.

గౌరీశ్వర్రావుది బస్టాండు దగ్గర మందుల షాపు. నలభై రెండేళ్ళు. దిట్టమైన కాళ్ళు, దిట్టమైన గొంతు, ఎవరికైనా జ్వరమొస్తే అర్ధరూపాయి ఎక్కువ తీసుకోకుండా మాత్ర ఇచ్చి పంపే మంచితనం. చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పి పెట్టుకుంటున్నాను. బృందంలో బలమైనవాడు, పైగా మందులు తెలిసినవాడు కాబట్టి మేడం అతన్ని అందరికంటే వెనక ఉంచారు. దాన్ని వాళ్ళు తోక సైకిలు అనేవారు. తోక సైకిలుకి ఒకటే నియమం. తన ముందు కనీసం ఒక మనిషి ఉండాలి, తన వెనక ఎవ్వరూ ఉండకూడదు.

వినడానికి గౌరవంగానే ఉంది. కానీ ఆ ముందుండే ఒక మనిషి ప్రతిరోజూ తవిటయ్యే. ఎత్తు రాగానే దిగి నడిపించేవాడు. దిగుడు రాగానే భయపడి బ్రేకులు పట్టేవాడు. గౌరీశ్వర్రావు ఆయన వెనకే ఒడిశా దాటాడు, ఛత్తీస్‌గఢ్ అడవులు దాటాడు, కాశీ దాటాడు. పదహారు రోజులు. రోజూ వీళ్ళిద్దరూ చేరేసరికి మిగతావాళ్ళు స్నానాలు చేసి, రొట్టెలు తిని, కాళ్ళకి నూనె రాసుకుంటూ ఉండేవారు. వీళ్ళకి పప్పు చల్లారిపోయి ఉండేది. దారిలో తీసిన ఏ ఫొటోలోనూ గౌరీశ్వర్రావు లేడు. ఊళ్ళో పేపర్లో వేసిన ఫొటోలోనూ లేడు. వాళ్ళ అత్తగారు ఫోన్ చేసి, "అల్లుడుగారూ, మీరు నిజంగానే వెళ్ళారా?" అని అడిగింది. ఆవిడ హాస్యానికే అడిగింది. అతను ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు.

కాశీ దాటిన మర్నాడు ఒక ధాబా ముందు ఆగినప్పుడు, బృందంలో పోస్టుమాన్ భాస్కరంతో గౌరీశ్వర్రావు అన్నాడు: "ఈ ముసలాయన్ని ఏదైనా స్టేషన్లో రైలెక్కించి పంపేస్తే ఇంకో రెండు రోజుల ముందే చేరిపోదుము."

భాస్కరం నవ్వి ఊరుకున్నాడు. పది అడుగుల అవతల తవిటయ్య ట్యూబుకి అతుకు వేసుకుంటున్నాడు. చేతులు ఆగలేదు, తల ఎత్తలేదు. విన్నాడో లేదో గౌరీశ్వర్రావుకి తెలియదు. నేను హ్యాండిలు మీద వేలాడుతూ అటే చూస్తున్నాను. విన్నాడు.

పదిహేడో రోజు సరిహద్దు రోజు. పొద్దున్నే బయల్దేరిన బృందం పదకొండింటికల్లా నౌతన్వా చేరింది. మన దేశంలో రైలు పట్టాలు ఆగిపోయే చిన్న ఊరు. అక్కడి నుంచి సరిహద్దు దాటే సొనౌలీ గేటు ఎనిమిది కిలోమీటర్లు. టీ కొట్టు దగ్గర మేడం అందరినీ నిలబెట్టి చెప్పారు. "అందరూ ఓటరు కార్డులు బయటకి తీసి పెట్టుకోండి. గేటు దగ్గర అడుగుతారు. గేటు దాటాక మన ఫోన్లు పనిచెయ్యవు. అందుకని ఎవరూ విడిపోకూడదు. గేటుకి ఇవతల అందరం కలిసి, అందరం ఒకేసారి దాటుదాం."

అందరూ తలూపారు. తవిటయ్య చొక్కా జేబులోంచి కార్డు తీశాడు. పాతకాలపు కార్డు, పైన ప్లాస్టిక్ పొర అంచుల్లో లేచిపోయింది. లోపలికి చెమట దిగి, ఆయన ముఖం సగం నీలంగా మారింది.

"గౌరీ, ఇది నీ సంచీలో ఉంచు నాయినా. జేబులో ఉంటే సెమటకి నానిపోతంది. గేటు కాడ ఇద్దువు."

గౌరీశ్వర్రావు దాన్ని నా లోపలి అరలో, మాత్రల మధ్యన పెట్టి జిప్పు లాగాడు. నేను దాన్ని ఎంతో భద్రంగా పట్టుకున్నాను. తడి తగలకుండా ఉండేందుకే ఆయన ఆ అర కుట్టాడు మరి.

నౌతన్వా దాటిన కాసేపటికే లారీలు మొదలయ్యాయి. సరిహద్దు దాటడానికి వంతు కోసం రోడ్డు పక్కన ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. అంతు లేదు. తవిటయ్య సైకిలు దిగిపోయాడు. ప్రతి లారీ దగ్గరా ఆగి, తల పైకెత్తి, టార్పాలిన్ కుట్టు చూస్తాడు. అంచు పట్టుకుని వేలితో తడుముతాడు. "ఇది పంజాబోళ్ళ కుట్టు నాయినా, సూడు, దారం రెండు పేటలు" అంటాడు. ఇంకో నాలుగడుగులు వేసి మళ్ళీ ఆగుతాడు. ఇంజన్ ఆపేసి కొయ్యబొమ్మల్లా కూర్చున్న డ్రైవర్లు ఈయన్ని వింతగా చూశారు. ఆయన ముఖంలో అంత వెలుగు పదిహేడు రోజుల్లో నేను చూడలేదు. తన పని చేసేవాళ్ళందరినీ ఒకేచోట కలుసుకున్నట్టుంది ఆయనకి.

గౌరీశ్వర్రావు మొదట ఓపిక పట్టాడు. పది లారీలు, ఇరవై లారీలు. దూరంగా ముందు వెళ్ళిన ఐదుగురూ కనబడటం మానేశారు.

"మాస్టారూ, వాళ్ళు గేటు దగ్గర ఎదురు చూస్తుంటారు. తిరిగొచ్చేటప్పుడు చూద్దురుగాని."

"వొచ్చేత్తన్నాను నాయినా. ఈ ఒక్కటీ సూసి."

ఒక్కటి కాలేదు. ఇంకో రెండు లారీల తర్వాత ఒక ఆంధ్రా నంబరు బండి కనబడింది. తవిటయ్య సైకిలుకి స్టాండు వేసేసి, దాని వెనక్కి నడిచాడు. అప్పుడు గౌరీశ్వర్రావు, "నేను ముందు వెళ్ళి మేడానికి చెప్తాను, మీరు నెమ్మదిగా రండి" అని రోడ్డు హోరులో ఒక మాట విసిరి పెడలు తొక్కాడు. ఆ మాట ఆయన చెవిన పడిందో లేదో చూసుకోలేదు.

గేటు దాకా మిగిలిన రెండు కిలోమీటర్లూ అతను తొక్కిన వేగం నాకింకా జ్ఞాపకం. పదహారు రోజులుగా బిగబట్టుకున్న కాళ్ళు ఒక్కసారి వదిలేసినట్టు. గాలికి నా పట్టీలు టపటప కొట్టుకున్నాయి. నిజం దాచను, నాకూ బాగుంది. ముసలి సైకిలు వెనక ఈడ్చుకుంటూ వెళ్ళీ వెళ్ళీ నాకూ విసుగెత్తింది. ఆయన కార్డు నా పొట్టలో ఉందన్న సంగతి ఆ గాలిలో నేను కూడా మర్చిపోయాను.

గేటు దగ్గర జనం తోసుకుంటున్నారు. రిక్షాలు, మోటారు సైకిళ్ళు, నెత్తిన మూటలతో ఆడవాళ్ళు. అవతల నేపాల్ వైపు రంగురంగుల పెద్ద ద్వారం. కుసుమాంబ మేడం గట్టిగా అడిగారు: "మాస్టారేరీ?"

"వెనకాలే మేడం. అదిగో, ఆ లారీల దగ్గర. వచ్చేస్తున్నారు."

"కనబడుతున్నారా?"

"కనబడుతున్నారు మేడం."

ఆ మాట అబద్ధం. నేను అతనికంటే ముందుంటాను కాబట్టి వెనక్కి చూడలేను, కానీ అతను కూడా వెనక్కి తిరగలేదు. వెనక నుంచి ఎవరో హారను కొట్టారు, జవాను చేత్తో కదలండి అన్నాడు, జనం ఒక్క తోపు తోశారు. అందరూ కార్డులు చూపించి ముందుకి జరిగారు. అలా ఆరుగురు దాటేశారు. ద్వారం కింద నిలబడి ఫొటో తీయించుకున్నారు. గౌరీశ్వర్రావు మధ్యలో, ఛాతీ విరుచుకుని. "మాస్టారు వచ్చాక ఇంకోటి తీద్దాం" అన్నారు మేడం. అక్కడ నిలబడనివ్వలేదు. నాలుగు కిలోమీటర్లలో భైరహవా అనే ఊరు, అక్కడ తోవ పక్క హోటల్లో ఆగుదాం, ఈలోగా ఆయన అందుకుంటారు అనుకున్నారు. రోడ్డు ఒకటే కాబట్టి తప్పిపోయే అవకాశం లేదని గౌరీశ్వర్రావే ధైర్యం చెప్పాడు.

హోటల్లో కూర్చున్నాక భాస్కరానికి కాలు పట్టేసింది. "ఏదైనా బిళ్ళ ఉందేంట్రా?" అన్నాడు. గౌరీశ్వర్రావు నన్ను ఒళ్ళో పెట్టుకుని, లోపలి అర జిప్పు తెరిచాడు.

కార్డు పైనే ఉంది. సగం నీలంగా, తవిటయ్య ముఖం అతనికేసి చూస్తోంది.

అతని వేళ్ళు అలాగే ఉండిపోయాయి. చేతి వెచ్చదనం నాకు తెలుస్తోంది, అది చెమటగా మారడం కూడా తెలిసింది. ఒక్క క్షణం చాలు, "అయ్యో, ఆయన కార్డు నా దగ్గరే ఉండిపోయింది" అంటే అయిపోయేది. కానీ ఆ మాట అంటే దాని వెనక ఇంకో మాట వస్తుంది: కనబడుతున్నారన్నావే? అతను బిళ్ళ తీసి భాస్కరానికిచ్చి, జిప్పు మూసేశాడు.

నా జిప్పు గట్టిది. దుమ్ము పట్టి చాలాసార్లు ఇరుక్కునేది, రెండు చేతులతో గుంజితే గాని కదిలేది కాదు. ఆ రోజు మాత్రం నూనె రాసినట్టు జారిపోయింది. ఒక్కసారి ఇరుక్కుని ఉంటే మేడం తిరిగి చూసేవారు.

అన్నం వచ్చింది. పప్పు వేడిగా ఉంది. అతను తిన్నాడు. పదిహేడు రోజుల్లో మొదటిసారి వేడి పప్పు, కానీ ముద్ద మింగడానికి నీళ్ళు తాగాల్సొచ్చింది. ఒంటిగంటన్నర అయింది, రెండయింది. మేడం నాలుగుసార్లు రోడ్డు మీదకి వెళ్ళి చూసొచ్చారు.

"నేను వెళ్ళి చూసొస్తాను మేడం" అని లేచాడు గౌరీశ్వర్రావు.

"నీ మనసే మనసయ్యా. ఎండలో మళ్ళీ వెనక్కి వెళ్తానంటున్నావు" అన్నాడు భాస్కరం. మేడం అతని భుజం తట్టారు. "నువ్వుండబట్టి నాకు ధైర్యం" అన్నారు.

ఆ మాటకి అతను తల దించుకుని నా పట్టీ బిగించినట్టు నటించాడు. పట్టీ బిగువుగానే ఉంది.

గేటు దగ్గర జవాను గుర్తుపట్టాడు. హిందీలో చెప్పాడు, గౌరీశ్వర్రావుకి వచ్చీ రాని హిందీలో అర్థమయింది. ముసలాయన పన్నెండున్నరకి వచ్చాడు. కాగితం లేదు. ఎవరి దగ్గరో ఉందని సైగ చేశాడు. నీడలో కూర్చోబెట్టి నీళ్ళిచ్చారట. ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఎవరూ పలకలేదు. గంటన్నర అవతలి వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి, ఇంటికి వెళ్ళిపోతానన్నాడు. తమ ఊరికి రైలు దిగే విజయనగరం పేరు హిందీలో రాసివ్వమంటే జవానే కాగితం మీద రాసిచ్చాడట. స్టేషనుకి వెళ్ళాడు.

గౌరీశ్వర్రావు మళ్ళీ అవే లారీల పక్కనుంచి, ఎదురు గాలిలో తొక్కాడు. అవి అంగుళం కూడా కదల్లేదు. ఈసారి వేగంలో హాయి లేదు. మధ్యలో రెండుసార్లు ఆగి, నా అర తెరిచి, కార్డు ఉందో లేదో చూసుకున్నాడు.

నౌతన్వా ప్లాట్‌ఫారం చివర, వేపచెట్టు కింద బల్ల మీద తవిటయ్య కూర్చుని ఉన్నాడు. సైకిలు పక్కన. నాలాంటి సంచి ఒళ్ళో. అరచేతిలో ఆ కాగితం. గౌరీశ్వర్రావుని చూసి లేచి నిలబడ్డాడు, పై అధికారి వచ్చినట్టు.

"మాస్టారూ..." గౌరీశ్వర్రావు నా అర జిప్పు లాగాడు. కార్డు తీసి చేతిలో పెట్టాడు. "మర్చిపోయాను మాస్టారూ. నా దగ్గరే ఉండిపోయింది. మర్చిపోయాను."

తవిటయ్య కార్డుని చూశాడు, అతన్ని చూశాడు. ఆ ముడతల ముఖం ఒక్కసారిగా విప్పుకుంది.

"మర్సిపోనావా? అంతేనా నాయినా?" అన్నాడు. "నాను ఏటేటో అనుకున్నాను. కాశీ కాడ నువ్వన్న మాట ఇని ఉన్నాను గదా. నన్ను రైలెక్కించేద్దామని కార్డు ఉంచేసుకున్నారనుకున్నాను. అందరూ కూడబలుక్కున్నారేమో, ఫోనులు కూడా అందుకే ఎత్తట్లేదేమో అని... సీ, నా బుద్ది ఎంత పాడుబుద్ది. నిన్ను మనసులో ఎన్ని తిట్లు తిట్టేనో. తప్పు నాది నాయినా, ఏటనుకోకు." అంటూ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ అరచేతుల కాయల గరుకు నాకు తెలుసు, నా ఒళ్ళంతా వాటి కిందే తయారయింది. "పద పద, మేడం కంగారు పడతంటారు."

సైకిలు స్టాండు తీశాడు. అంతటితో అంతా సర్దుకుపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. గౌరీశ్వర్రావు నోరు మెదపకుండా ఉంటే చాలు.

"నేను మర్చిపోలేదు మాస్టారూ" అన్నాడు.

తవిటయ్య ఆగాడు.

"అంటే, గేటు దాటేటప్పుడు మర్చిపోయాను. ఆ తర్వాత, హోటల్లో చూశాను. చూసి జిప్పు వేసేశాను. గంట పైన అలాగే కూర్చున్నాను. అన్నం తిన్నాను. మేడానికి మీరు కనబడుతున్నారని అబద్ధం చెప్పాను, ఆ అబద్ధం బయటపడుతుందని... మీరిక్కడ ఎండలో ఉంటారని తెలిసే కూర్చున్నాను."

ప్లాట్‌ఫారం మీద ఎవరో శనక్కాయలమ్ముతూ వెళ్ళారు. తవిటయ్య చాలాసేపు పట్టాలకేసి చూశాడు. ఆ పట్టాలు అక్కడితో ఆగిపోతాయి, చూడ్డానికి ఎక్కువ లేదు. చివరికి కార్డుని చొక్కా అంచుతో తుడిచి, తన సంచిలో పెట్టుకున్నాడు.

"పదండి" అన్నాడు.

గౌరీశ్వర్రావుకి మొదట అర్థం కాలేదు. "వస్తారా?"

"వత్తానండి. మీ కోసం కాదు. నాను సూడాలనుకున్నది ఒకటుంది, అది సూడ్డానికి వత్తాను."

పద్దెనిమిదేళ్ళుగా, గౌరీశ్వర్రావు షాపు పెట్టిన దగ్గర్నుంచీ, ఆయన అతన్ని నువ్వు అనేవాడు. గౌరీ అనేవాడు, నాయినా అనేవాడు. ఆ సాయంత్రం నౌతన్వా ప్లాట్‌ఫారం మీద అది మారింది. కోపంతో అనలేదు. కోపంగా ఉన్నప్పుడు మీరు అనేవాళ్ళ గొంతు వేరుగా ఉంటుంది. ఆయన గొంతు మామూలుగా, మర్యాదగా ఉంది. షెడ్డుకి కొత్తగా వచ్చిన లారీ ఓనరుతో మాట్లాడినట్టు.

ఆ ఎనిమిది కిలోమీటర్లూ ఆయన ముందు, గౌరీశ్వర్రావు వెనక. ఈసారి ఏ లారీ దగ్గరా ఆయన ఆగలేదు. తల పక్కకి కూడా తిప్పలేదు. గౌరీశ్వర్రావు రెండుసార్లు, "మాస్టారూ, ఆంధ్రా బండి ఇక్కడే ఉందింకా, చూస్తారా?" అన్నాడు. "వద్దులెండి, పొద్దుపోతంది" అన్నాడాయన.

గేటు దగ్గర జవాను ఆయన్ని చూసి నవ్వాడు. తవిటయ్య కార్డు చూపించి, సైకిలు నడిపించుకుంటూ వెళ్ళి, ద్వారం కింద ఆగి, నేలకేసి చూశాడు. ఇటూ అటూ పరకాయించి చూశాడు. గీత లేదు. ఇవతలి తారు, అవతలి తారు, మధ్యలో కొంచెం గతుకు, దాంట్లో నీళ్ళు నిలిచాయి. ఒక కుక్క ఇటునుంచి అటు వెళ్ళిపోయింది. తవిటయ్య గతుక్కి ఇవతల ఒక కాలు, అవతల ఒక కాలు పెట్టి కాసేపు నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకున్నాడో చెమట తుడుచుకున్నాడో నాకు వెనక నుంచి తెలియలేదు.

"ఫొటో తియ్యనా మాస్టారూ?"

"మీ ఇట్టం."

తీశాడు. ఫొటోలో ఆయన నవ్వలేదు.

భైరహవాలో మేడం ఎదురు పరిగెత్తుకుంటూ వచ్చారు. "ఏమైపోయారు మాస్టారూ!" అన్నారు.

"ఏటీ లేదమ్మా. కార్డు నా సంచీలోనే అడుక్కి ఎల్లిపోనాది. దొరకలేదు. ముసలోడిని గదా" అన్నాడు తవిటయ్య.

గౌరీశ్వర్రావు ఆయనకేసి తిరిగాడు. అటు చూస్తే ఆయన ఇటు చూడటం లేదు. క్షమించి కప్పిపుచ్చాడా, నీతో నాకు లెక్కే లేదు పొమ్మన్నాడా? ఆ ముఖంలో ఏమీ రాసి లేదు. భాస్కరం, "మా గౌరి వెళ్ళబట్టి సరిపోయింది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చప్పట్లు అయ్యేదాకా ఉండి, గౌరీశ్వర్రావు అందరి ముందూ చెప్పాడు. స్టేషన్లో చెప్పినంత వివరంగా కాదు, నాలుగు ముక్కల్లో. చెబుతున్నంతసేపూ నా మీద చెయ్యి వేసి ఉంచాడు, పడిపోకుండా పట్టుకున్నట్టు. మేడం తిట్టలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని దారిలో పెట్టిన మనిషి.

"రేపట్నుంచి నువ్వు అందరికంటే ముందు వెళ్ళు" అన్నారు. "వెనక నేనుంటాను."

మర్నాడు లుంబిని దాకా ఇరవై కిలోమీటర్ల పైచిలుకూ, తిరుగు ప్రయాణంలో గోరఖ్‌పూర్ రైలెక్కేదాకా, అతను అందరికంటే ముందే తొక్కాడు. ఖాళీ రోడ్డు, ఎదురుగా ఎవరూ లేరు. అతను కోరుకున్నదే అది. ప్రతి అరకిలోమీటరుకీ ఆగి వెనక్కి తిరిగి చూసేవాడు. అందరి ఫొటోల్లోనూ ఉన్నాడు, అన్నింటిలోనూ అంచున.

అదంతా జరిగి మూడేళ్ళయింది. తవిటయ్య ఇప్పుడు దూరం తొక్కడం లేదు, మోకాళ్ళు సహకరించడం లేదు. షెడ్డుకి మాత్రం వస్తాడు. మేడం బృందం ఇంకా ఆదివారాలు వెళ్తుంది. గౌరీశ్వర్రావు అడిగి అడిగి మళ్ళీ వెనక చోటు తెచ్చుకున్నాడు. వెనకబడిన మనిషిని ఇప్పుడు తొందర పెట్టడు. ఎవరైనా చెట్టు చూస్తూ నిలబడితే తనూ ఆ చెట్టే చూస్తాడు.

తవిటయ్య అతనితో మాట్లాడడం మానలేదు. మందులు అతని షాపులోనే కొంటాడు. "బాగున్నారా బాబూ, పిల్లలు బాగా సదుతన్నారా?" అని అడుగుతాడు. అడిగే ప్రతిసారీ గౌరీశ్వర్రావు ముఖం చిన్నబోతుంది. చూసేవాళ్ళు ఈ మర్యాదకి ఇతను మొహమాటపడుతున్నాడనుకుంటారు.

పోయిన నెల నా పట్టీ ఒకటి తెగింది. గౌరీశ్వర్రావు నన్ను తీసుకుని షెడ్డుకి వెళ్ళాడు. తవిటయ్య పరిచిన టార్పాలిన్ మీదనుంచి లేచి, స్టూలు దులిపి ముందుకి జరిపాడు.

"రండి బాబూ, కూకోండి."

అతను కూర్చోలేదు. నన్ను ఆయన చేతిలో పెట్టాడు. ఆ చేతులు నన్ను తిరగేశాయి, తెగిన చోటు వేలితో రుద్దాయి, లోపలి అర తెరిచి చూశాయి. ఖాళీగా ఉంది. మందులు ఇప్పుడు వేరే డబ్బాలో పెడుతున్నాడు. తవిటయ్య సూదిలోకి దారం ఎక్కించాడు.

"మాస్టారూ" అన్నాడు గౌరీశ్వర్రావు. రోడ్డు మీద లారీ ఒకటి వెళ్ళేదాకా ఆగాడు. "నన్ను మళ్ళీ నువ్వు అనరూ?"

సూది ఆగింది. తవిటయ్య తలెత్తి అతనికేసి చాలాసేపు, నిజంగా ఆలోచిస్తున్నట్టు చూశాడు. పెదవులు కదిలాయి, ఒక మాట కోసం ప్రయత్నించినట్టే అనిపించింది నాకు. ఆ మాట రాలేదు.

"అలవాటు తప్పిపోనాదండి బాబూ" అన్నాడు మెల్లగా, తనకే బాధ కలిగినట్టు. మళ్ళీ వంగి కుట్టసాగాడు.